ఆచార్య సూరి భగవంతం: కాంతి పరిశోధన నుంచి రక్షణ పరిశోధన దాకా

నూజివీడుకు దగ్గరలో ఆగిరిపల్లి అనే ఊరుంది. శోభనాచలం మీది నరసింహస్వామి కోవెలకు పేరుపడ్డ ఊరు. నిన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. ఆ ఊళ్ళో 1909 అక్టోబరు 14న సూరి భగవంతం గారు జన్మించారు. సరిగ్గా ఆ ఏడాదే బెంగుళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వెలిసింది. టాటాలు ఇచ్చిన విరాళం, మైసూరు సంస్థానం ఇచ్చిన నేల, ప్రభుత్వం ఇచ్చిన సొమ్ము, ఈ మూడూ కలిస్తే పుట్టిన సంస్థ అది. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత ఆగిరిపల్లి బిడ్డ అదే సంస్థకు డైరెక్టరు అవుతాడని ఆనాడు ఎవరూ కలగని ఉండరు.

భగవంతం గారిని మన కాలేజీ పూర్వ విద్యార్థిగా కొందరికి తెలుసు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వైస్‌చాన్సలరుగా మరికొందరికి తెలుసు. పుట్టపర్తి సభల్లో సత్యసాయిబాబా ఉపన్యాసాలను ఇంగ్లీషులోకి చెప్పిన పెద్దమనిషిగా ఇంకా ఎక్కువమందికి తెలుసు. అయితే ఎనిమిదేళ్ళ పాటు ఈ దేశపు రక్షణ పరిశోధనకు ఆయన పెద్దదిక్కుగా ఉన్నారన్న సంగతి మన తరంవాళ్ళలో చాలామంది ఎరగరు. అందుకే ఈ సావనీరులో ఆయన జీవితాన్ని నాకు చేతనైనంత వరకు రాయాలని పూనుకున్నాను.

ఆయన మన నిజాం కాలేజీలో భౌతికశాస్త్రం చదువుకున్నారు. ఆ రోజుల్లో కాలేజీ ఉన్నది నైజాం రాజ్యంలో, డిగ్రీ ఇచ్చేది మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయం. డిగ్రీ చేతికొచ్చాక 1928లో ఆయన కలకత్తా దారి పట్టారు. ఆ సంవత్సరం ఎటువంటిదో సైన్సు విద్యార్థులకు చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరి 28న సర్ సి.వి. రామన్ తన పేరుతో ప్రసిద్ధికెక్కిన ఫలితాన్ని కనుగొన్నారు. ఒకే రంగు కాంతిని ద్రవం గుండా పంపితే, చెదిరిన కాంతిలో కొద్ది భాగం రంగు మార్చుకుని వస్తుంది. ఆ మార్పు ఎంతో కొలిస్తే ఆ పదార్థపు అణువులు ఎలా కంపిస్తున్నాయో తెలుస్తుంది. ప్రపంచమంతా కలకత్తా వైపు చూస్తున్న వేళ, ఇరవై ఏళ్ళయినా నిండని తెలుగు కుర్రవాడు ఆ ప్రయోగశాలలో అడుగుపెట్టాడు. మనలో చాలామంది వయసే అది.

రామన్ గారి దగ్గర ఆయన ఊరికే పరికరాలు తుడుస్తూ కూర్చోలేదు. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి కాంతికణానికి, అంటే ఫోటానుకు, తనదైన ఆత్మభ్రమణం ఉందని ప్రయోగపూర్వకంగా చూపారు. ఇవాళ మన పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంతో దాటిపోయే విషయమది. ఆనాడు దాన్ని చూపడానికి చెదిరిన కాంతి ధ్రువణాన్ని ఎంతో ఓపికతో కొలవవలసి వచ్చింది.

1932లో ఆయన వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరారు. అప్పుడు అక్కడ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వైస్‌చాన్సలరు. సైన్సు కాలేజీ అప్పుడప్పుడే మొదలవుతోంది. గోడలు కొత్తవి, పరికరాలు తక్కువ. అటువంటి చోట భగవంతం గారు ఒక పరిశోధక బృందాన్ని నిలబెట్టారు. ముప్పై ఏళ్ళు నిండకముందే ఆచార్య పదవి పొందారు. రామన్ ఫలితం మీద 1940లో గ్రంథం వెలువరించారు. గణితశాస్త్రజ్ఞుడైన టి. వెంకటరాయుడు గారితో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయిస్తూ రాసిన పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తే అచ్చువేసింది. స్ఫటికంలో అణువుల అమరిక ఎంత సౌష్ఠవంగా ఉందో తెలిస్తే, దాని గుణాలను చెప్పడానికి ఎన్ని అంకెలు కావాలో ముందే లెక్క కట్టవచ్చునన్నది అందులోని కీలకం. ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికపు సాగే గుణాన్ని వర్ణించడానికి 21 స్థిరాంకాలు కావాలి. ఘనాకారపు అమరిక ఉన్నదానికి 3 చాలు. వజ్రం ఆ రెండో కోవలోది. భీమసేనాచార్ గారితో కలిసి అతిధ్వని తరంగాల సాయంతో వజ్రపు ఆ మూడు స్థిరాంకాలనూ కొలిచి 1946లో ప్రకటించారు.

ఈ పనుల మధ్యే యుద్ధం ఇంటి గడపలోకి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. విశ్వకళాపరిషత్తు గుంటూరుకు తరలిపోవలసి వచ్చింది, తిరిగి వాల్తేరు చేరేసరికి 1946. ఆకాశంలోంచి ఒక ఇనుప ముక్క పడితే ఎంత గొప్ప ప్రయోగశాల అయినా మూటాముల్లె సర్దుకోవలసిందే. శాస్త్రానికీ దేశరక్షణకూ ఉన్న సంబంధాన్ని మన తెలుగువాళ్ళు పుస్తకంలో చదవకుండానే చూసిన సందర్భమది.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఆయన లండనులోని మన హైకమిషన్ కార్యాలయంలో శాస్త్ర వ్యవహారాల అధికారిగా పనిచేశారు. యుద్ధంలో గెలిచి అలసిపోయిన బ్రిటను అది. రాడారు మొదలైన కొత్త సాధనాల కోసం విశ్వవిద్యాలయాల ఆచార్యులు, ప్రభుత్వ ప్రయోగశాలలు, ప్రైవేటు కంపెనీలు ఒకే పని మీద కూర్చుని ఇంకా ఎంతోకాలం కాలేదు. మనకు అప్పటికి ఆ మూడూ ఉన్నాయి కానీ ఒకదాని మొహం ఒకటి చూసుకోవడం అరుదు.

1949లో ఉస్మానియాకు భౌతికశాస్త్ర ఆచార్యులుగా వచ్చారు. 1952 నుంచి 1957 దాకా వైస్‌చాన్సలరుగా ఉన్నారు. పోలీసు చర్య జరిగి నాలుగేళ్ళయినా నిండని రోజుల్లో పగ్గాలు పట్టారు. ఉర్దూ బోధన నుంచి విశ్వవిద్యాలయం మారుతున్న దశ. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఇన్ని మార్పుల నడుమ ఒక విద్యాసంస్థను ఒడిదుడుకులు లేకుండా నడపడం ఎంత కష్టమో, ఇప్పుడు ఒక్క పరీక్ష వాయిదా పడితేనే గోల చేసే మనకు ఊహకు అందడం కష్టమే!

1957లో బెంగుళూరు సంస్థ డైరెక్టరు పదవి వరించింది. అక్కడ ఆయన కళ్ళెదుట ఉన్న ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ అనే పారిశ్రామికవేత్త మైసూరు సంస్థానంతో చేతులు కలిపి బెంగుళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టారు. ప్రైవేటు పెట్టుబడి, సంస్థానపు పెట్టుబడి కలిసిన వ్యవహారం. యుద్ధం ముదరగానే 1942లో కేంద్ర ప్రభుత్వం దాని యాజమాన్యం తీసుకుంది. ఆ ఏడాదే ఇన్‌స్టిట్యూటులో విమాన ఇంజనీరింగు శాఖ తెరిచారు. ఒక పక్క విమానం చేసే ఫ్యాక్టరీ, మరో పక్క విమానశాస్త్రం చెప్పే తరగతి గది. ఈ రెంటి మధ్య దారి ఉంటే ఏం జరుగుతుందో బెంగుళూరు చూపించింది.

1961లో ఆయన రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా నియమితులయ్యారు. 1948 నుంచి ఆ బాధ్యత మోసిన ఆచార్య డి.ఎస్. కొఠారీ తర్వాత వచ్చినవారు ఈయనే. రక్షణ పరిశోధన అభివృద్ధి సంస్థ, అంటే మనం రోజూ పత్రికల్లో చూసే డి.ఆర్.డి.ఓ., 1958లో పుట్టింది. అప్పటికి దాని వయసు మూడేళ్ళు. పుట్టినప్పుడు చేతిలో ఉన్నవి పది ప్రయోగశాలలు మాత్రమే. మంత్రి కృష్ణమీనన్. మరుసటి ఏడాదే, 1962 అక్టోబరులో, చైనా యుద్ధం విరుచుకుపడింది. చలికోట్లు సరిగా లేని జవాన్లు హిమాలయాల్లో ఎలా పోరాడారో మన తాతల తరం ఇప్పటికీ కంటనీరు పెట్టుకుని చెబుతుంది. మీనన్ పోయి చవాన్ వచ్చారు. 1962 నవంబరులోనే రక్షణ ఉత్పత్తికి ప్రత్యేక శాఖ ఏర్పడింది. భౌతికశాస్త్ర ఆచార్యుడి బల్ల మీదకు ఒక్కసారిగా తుపాకీ, రాడారు, రేడియో, రాకెట్టు, జవాను తిండి అన్నీ వచ్చి పడ్డాయి.

మన హైదరాబాదు కథ మారిపోయింది ఆ రోజుల్లోనే. 1962లో క్షిపణుల ప్రయోగశాల డి.ఆర్.డి.ఎల్. ఢిల్లీ నుంచి ఇక్కడికి తరలివచ్చింది. ఎలక్ట్రానిక్ యుద్ధతంత్రం చూసే డి.ఎల్.ఆర్.ఎల్., లోహాల పరిశోధన చేసే డి.ఎం.ఆర్.ఎల్. కూడా ఆ దశకంలోనే ఊపందుకున్నాయి. కంచన్‌బాగ్, చాంద్రాయణగుట్టల పరిసరాలు శాస్త్రజ్ఞుల పేటలయ్యాయి. ఇవాళ హైదరాబాదును క్షిపణుల నగరమని పిలుచుకుంటున్నామంటే, ఆ విత్తనం పడింది భగవంతం గారు సలహాదారుగా ఉన్న కాలంలోనే.

విత్తనమన్నాను కాబట్టి ఒక మాట. మాది సేద్యం చేసుకునే ఇల్లు. బాపట్ల పరిశోధన కేంద్రం వాళ్ళు 1986లో బి.పి.టి. 5204, అదే సాంబమసూరి, విడుదల చేశారు. ఆ కేంద్రంలో పుట్టింది గుప్పెడు గింజలు. ఆ గుప్పెణ్ణి విత్తనోత్పత్తి రైతులు మడుల్లో పెంచాలి. విత్తన సంస్థలు, కొట్లవాళ్ళు సంచుల్లో నింపి ఊరూరికీ చేర్చాలి. రైతు తన పొలంలో చల్లి, పంట చూసి, బాగుందనో బాగాలేదనో కేంద్రానికి చెప్పాలి. ఇందులో ఏ ఒక్క కొస తెగినా ఎంత గొప్ప వంగడమైనా బీరువాలోనే ఉండిపోతుంది. రక్షణ పరిశోధన కూడా అచ్చం ఇంతే. ప్రయోగశాల కనిపెట్టాలి, కార్ఖానా చెయ్యాలి, సైన్యం వాడి చూసి చెప్పాలి.

భగవంతం గారి కాలంలో ఈ మూడు కొసలూ కలవలేదు. 1956 పారిశ్రామిక విధానం ప్రకారం ఆయుధాలు, మందుగుండు తయారీ సర్కారు చేతిలోనే ఉండాలి. ప్రైవేటు కంపెనీకి ఆ గడప తొక్కే హక్కు లేదు. అందుకు కారణం లేకపోలేదు. లాభం కోసం ఆయుధాలు చేసేవాడికి యుద్ధమే వ్యాపారమవుతుందన్న భయం అప్పటి పెద్దలది. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. కానీ సర్కారు ఫ్యాక్టరీలు ఒక్కటే అన్నీ చెయ్యలేవని 1965 పాకిస్తాను యుద్ధం తేల్చిచెప్పింది. యుద్ధం మొదలవగానే అమెరికా, బ్రిటను ఆయుధ సరఫరా నిలిపేశాయి. విదేశీ యంత్రం ఉంటుంది, అందులో వేసే చిన్న విడిభాగం ఉండదు. అంతే, మొత్తం యంత్రం మూలపడుతుంది.

అప్పుడు 1965 నవంబరులో రక్షణ సరఫరాల శాఖ అని ఒకటి ఏర్పాటు చేశారు. దిగుమతి చేసుకునే భాగాలను దేశంలోని పౌర పరిశ్రమల చేత, అందులో ప్రైవేటువాళ్ళ చేత కూడా, చేయించడం దాని పని. ఆయుధం సర్కారుదే, దానిలోని మేకు, గొట్టం, తీగ, రబ్బరు మాత్రం బయటివాడు చేసి ఇవ్వొచ్చునన్నమాట. తలుపు బార్లా తెరవలేదు, ఓరగా తీశారు. ఇవాళ ప్రభుత్వ ప్రైవేటు సహకారం అని పెద్ద పెద్ద సభల్లో మాట్లాడుకునే దానికి తొలి మెట్లలో ఇదొకటి.

ఎలక్ట్రానిక్సులో ఆయన పాత్ర ఇంకా స్పష్టం. 1963లో హోమీ భాభా అధ్యక్షతన ఒక సంఘాన్ని వేశారు. సభ్యులు విక్రమ్ సారాభాయ్, భగవంతం, ఎ.ఎస్. రావు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు! ఒకరు ఆగిరిపల్లి, ఒకరు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. యుద్ధంలో రేడియో పలకకపోతే సేన మూగదవుతుంది కాబట్టి, దేశంలోనే విడిభాగాల నుంచి యంత్రాల దాకా తయారుచేసుకునే ప్రణాళిక ఆ సంఘం తయారుచేసింది. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో మరణించారు, నివేదిక ఆ ఏడాదే వెలువడింది. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వెలిసింది, ఎ.ఎస్. రావు గారు దాన్ని నిలబెట్టారు. ఆయన పేరుతో ఇప్పుడు పేటే ఉంది.

అన్నీ జయాలే అని రాస్తే అది జీవితచరిత్ర కాదు, భజన అవుతుంది. డి.ఆర్.డి.ఎల్. శాస్త్రజ్ఞులు 1960 దశకమంతా ట్యాంకులను ఛేదించే క్షిపణి మీద చెమటోడ్చారు. అది సైన్యం చేతికి చేరలేదు. 1970లో హైదరాబాదులో భారత్ డైనమిక్స్ ఏర్పడినప్పుడు అక్కడ ముందుగా చేపట్టింది ఫ్రాన్సు లైసెన్సుతో ఎస్.ఎస్.11 క్షిపణి తయారీని. మన ప్రయోగశాల ఒక చోట, మన ఫ్యాక్టరీ దానికి పక్కనే. అయినా ఫ్యాక్టరీలో పోతపోసింది పరాయివాడి నమూనా! భగవంతం గారు అంతకు ముందు సంవత్సరం, 1969లో, పదవి నుంచి వైదొలిగారు. పాఠం మాత్రం మిగిలింది. పని మొదలుపెట్టిన నాడే వాడేవాడు, చేసేవాడు, కనిపెట్టేవాడు ఒకే బల్ల దగ్గర కూర్చోకపోతే ఏళ్ళ తరబడి చేసిన కష్టం కాగితాల్లో మిగిలిపోతుంది.

ఆ పాఠాన్ని హైదరాబాదు ఆలస్యంగానైనా నేర్చుకుంది. 1970లో బాలానగర్‌లో మొదలైన ఎం.టి.ఎ.ఆర్. లాంటి ప్రైవేటు సంస్థలు అణు, అంతరిక్ష, రక్షణ రంగాలకు నాణ్యమైన భాగాలు చేసిపెట్టాయి. 1973లో ప్రత్యేక లోహాల కోసం మిధాని వచ్చింది. 1983లో అబ్దుల్ కలాం గారి నాయకత్వాన క్షిపణుల సమగ్ర కార్యక్రమం మంజూరైనప్పుడు ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ ఫ్యాక్టరీలు, ప్రైవేటు కార్ఖానాలు మొదటినుంచే పని పంచుకున్నాయి. 1988 ఫిబ్రవరి 25న పృథ్వి ఎగిరింది. 1989 మే 22న అగ్ని ఎగిరింది. భగవంతం గారు పృథ్వి లేచిన నాటికి ఉన్నారు, అగ్ని లేచిన నాటికి లేరు. 1989 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు.

పదవిలో ఉన్నప్పుడూ, దిగాక కూడా ఆయన చదువును వదల్లేదు. 1966లో స్ఫటికాల సౌష్ఠవం మీద మరో గ్రంథం వెలువడింది. ఎప్పుడని గమనించండి, రక్షణ శాఖ సలహాదారుగా ఊపిరి సలపని రోజుల్లో! తర్వాతి కాలంలో వర్ధమాన దేశాల్లో విజ్ఞానశాస్త్రం కోసం ఏర్పడిన అంతర్జాతీయ సంఘానికి సారథ్యం వహించారు. సత్యసాయిబాబా భక్తుడిగా మారడం కొందరు శాస్త్రజ్ఞులకు మింగుడుపడలేదు, కొందరికి ముచ్చటేసింది. ఆ తర్కం జోలికి నేను పోను. కొలవగలిగిన వాటిని కొలవడంలో ఆయన ఏనాడూ అశ్రద్ధ చెయ్యలేదు, నాకు అది చాలు.

రక్షణ పరిశోధన ఎవరికి కావాలి, రైతుబిడ్డకు అందులో ఏముంది అని అడిగేవాళ్ళు మన హాస్టల్లోనే ఉన్నారు. వాళ్ళకు పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి జవాబు చెబుతుంది. పోలియో సోకిన పిల్లలు ఒకప్పుడు కాళ్ళకు దాదాపు 3 కిలోల ఇనుప పట్టీలు ఈడ్చుకుంటూ నడిచేవారు. కలాం గారు డి.ఆర్.డి.ఎల్.లో ఉన్నప్పుడు నిమ్స్ ఎముకల వైద్యులు వచ్చి అగ్నికి వాడిన తేలిక పదార్థాన్ని చేత్తో పట్టి చూశారు. ఆ కలయిక ఫలితంగా సుమారు 300 గ్రాముల పట్టీలు తయారయ్యాయి. శత్రువు మీదికి పంపే క్షిపణి కోసం పుట్టిన పదార్థం పేదపిల్లను నడిపించింది. ఏ ప్రయోగశాలా ఏ ఆసుపత్రీ ఒంటరిగా ఈ పని చెయ్యలేకపోయేవి.

పంజాగుట్ట నుంచి రెండు స్టాపులు ముందుకెళ్తే అమీర్‌పేట. బి.ఎస్సీ. అయిపోగానే మనలో సగంమంది ఎక్కే బస్సు అక్కడికే. గోడ నిండా కంప్యూటరు కోర్సుల బోర్డులు, మెట్ల నిండా చెప్పుల జోళ్ళు. పొట్టకూటికి వెళ్ళేవాణ్ణి తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, ఇంటి దగ్గర అప్పు ఎదురుచూస్తూ ఉంటుంది. అయితే అదే దారిలో ఇంకొంచెం పోతే సనత్‌నగర్, బాలానగర్. లేతు మిషన్ల చప్పుడు మధ్య, నూనె మరకల చొక్కాలతో, వెంట్రుకలో వంతు మందం తేడా రాకుండా లోహం కోసే కార్మికులున్నారు. భౌతికశాస్త్రం చదివిన కుర్రవాడు ఆ షెడ్డులోకి తొంగిచూడడు, ఆ షెడ్డు యజమాని మన కాలేజీ గేటు దాటి రాడు. మధ్యలో ఉన్నది నాలుగైదు మైళ్ళే, కానీ అరవై ఏళ్ళనాటి అగాధం ఇంకా పూర్తిగా పూడలేదు.

తలుపులు మాత్రం అప్పటికంటే బాగా తెరుచుకున్నాయి. 2001లో రక్షణ తయారీలోకి ప్రైవేటు సంస్థలను అనుమతించారు. 2018లో చిన్న సంస్థల కొత్త ఆలోచనలకు ధనసాయం చేసే ఐడెక్స్ పథకం వచ్చింది. 2022 బడ్జెట్‌లో రక్షణ పరిశోధన నిధుల్లో 25 శాతం పరిశ్రమలకు, కొత్త సంస్థలకు, విద్యాసంస్థలకు కేటాయిస్తామని ప్రకటించారు. విద్యాసంస్థలంటే మనమే కదా! కానీ సొమ్ము ఇస్తామన్నంత మాత్రాన సరిపోదు. పుచ్చుకుని పని చూపించే ప్రయోగశాల ఉండాలి, అందులో పరికరాలు పనిచెయ్యాలి, వాటి ముందు కూర్చునే ఓపిక మనకుండాలి. ప్రైవేటుకు డబ్బు ఇచ్చినప్పుడు ప్రజల సొమ్ముకు లెక్క అడిగే కన్ను కూడా ఉండాలి. 1956 నాటి పెద్దల భయం పూర్తిగా పాతబడలేదు.

ఈ కాలేజీ బెంచీల మీద కూర్చున్న ఒక పల్లెటూరి విద్యార్థి కాంతి రేణువును కొలిచాడు, వజ్రాన్ని కొలిచాడు, విశ్వవిద్యాలయాలను నడిపాడు, యుద్ధకాలంలో దేశానికి సలహా చెప్పాడు. ఆయన పూర్తిచెయ్యలేక వదిలిపెట్టిన పని ఒకటుంది. కనిపెట్టేవాణ్ణీ, చేసేవాణ్ణీ, వాడేవాణ్ణీ ఒక్కచోట కూర్చోబెట్టడం. వచ్చే ఏడాది మన యూనియన్ చెయ్యదగిన చిన్న పని ఒకటి సూచిస్తాను. బాలానగర్ నుంచి ఒక కార్ఖానా మనిషిని, కంచన్‌బాగ్ నుంచి ఒక శాస్త్రజ్ఞుణ్ణి మన ఫిజిక్స్ లెక్చర్ హాలుకు ఒకే రోజు పిలుద్దాం. ఉపన్యాసాలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ ఉండేలా చూద్దాం. భగవంతం గారి పేరు మీద దండలు వెయ్యడం కన్నా ఆయనకు నచ్చే నివాళి అదేనని నా నమ్మకం.